పద్మావతి ఇంటి పద్ధతులు

పద్మావతి పేరు చెబితే నాకు ముందుగా గుర్తొచ్చేది ఆవిడ ముక్కు. ఎప్పుడూ ఏదో ఒకటి గిట్టక ముడుచుకునే ఉంటుంది. అండమాన్ జంగ్లీఘాట్‌లో చేపలు దిగే రేవుకి నాలుగు అడుగుల్లో ఇల్లు పెట్టుకుని, చేపల వాసనంటే కిటికీలు మూసే మనిషి ఆవిడ. తాత శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి ఆ రేవులోనే వలలు లాగాడు. ఆ సంగతి ఆవిడ ముందు ఎత్తితే వారం రోజులు మాట్లాడదు.

నా పేరు కళ. వాళ్ళ పై వాటాలో అద్దెకుంటాను. ఓడల టికెట్లిచ్చే కౌంటర్లో ఉద్యోగం. పొద్దస్తమానం క్యూలో తోసుకునే జనంతో అరిచి అరిచి నా నోరు చెడిపోయిందని అంటారు. చెడిన మాట నిజమే. అందుకే నా ఇంట్లో పనిమనుషులు నిలవరు. నా గిన్నెలు నేనే తోముకుంటాను.

పద్మావతిది గవర్నమెంటు ఆఫీసులో గుమాస్తా పని. భర్త మనోహర్ దీవుల మధ్య తిరిగే ఓడలో ఇంజన్ రూమ్ మనిషి. నెలలో ఇంట్లో ఉండేది తక్కువ, ఉన్నప్పుడు నిద్రపోయేది ఎక్కువ. ఒక్కతే కూతురు, పూజ. పదకొండో తరగతి. ఆ పిల్ల మీద తల్లికున్న ఆశ ఇంతా అంతా కాదు.

దాని వెనక కథ ఉంది. పద్మావతి చిన్నప్పుడు చదువుకోడానికి వైజాగ్ వెళ్ళింది. హాస్టల్లో పిల్లలు ఆవిడ హిందీ కలిసిన తెలుగుని వెక్కిరించారు. అండమాన్ అంటే జైలే కదా, మీ తాత ఎవర్ని చంపి వచ్చాడే అని అడిగారు. భోజనాల దగ్గర ఆవిడ పక్కన ఎవరూ కూర్చునేవాళ్ళు కాదట. చదువు సగంలో వదిలేసి ఓడెక్కి వచ్చేసింది. ఇన్నేళ్ళయినా నా మెట్ల మీద కూర్చుని ఆ కబురు చెప్పి ఏడుస్తుంది. వింటే నాకూ జాలేసేది.

"నా కూతురు వైజాగ్ గీజాగ్ ఏటీ పోదు కళక్కా. సీదా ఫారినే పోవాలి. అప్పుడు చూస్తాను, ఎవడు నవ్వుతాడో," అనేది.

దేవుడు విన్నట్టే ఒక దారి దొరికింది. హైస్కూలు పిల్లల్ని ఒక దేశం నుంచి ఇంకో దేశానికి ఏడాది చదువుకి పంపే సంస్థ ఏదో పూజ వాళ్ళ స్కూలుకి వచ్చింది. పద్ధతి ఏమిటంటే, ముందు అక్కడి పిల్లని మన ఇంట్లో పెట్టుకోవాలి. ఏడాది చివర సంస్థ తరఫున ఒకావిడ ఇంటికి వచ్చి చూస్తుంది. ఈ ఇల్లు మంచిది, ఈ పిల్ల పంపదగింది అని ఆవిడ సంతకం పెడితే మన పిల్ల అక్కడికి వెళ్తుంది. పెట్టకపోతే లేదు. పద్మావతి ఎవర్నీ అడక్కుండా సరే అంది.

అలా వచ్చింది యోహానా. ఆస్ట్రియాలో కొండల మధ్య పల్లెటూరు పిల్ల. పొడుగ్గా, పాలిపోయి, ఎండకి ముక్కు చివర తోలు ఊడుతూ ఉండేది. వచ్చిన మర్నాడే రేవు వైపు షికారుకి వెళ్ళి, సొరచేప పేగులు కడుగుతుంటే చూసి, అక్కడే వాంతి చేసుకుంది. మొదట్లో ఆ పిల్లకి అన్నీ రోతగానే ఉండేవి. పులుసులో చేప తలకాయ తనని చూస్తోందని కంచం ముందు నుంచి లేచిపోయింది. నీళ్ళ డ్రమ్ములో పురుగులు ఈదుతున్నాయని ముఖం కడుక్కోలేదు. బాత్రూమ్ గోడ మీద బల్లికి భయపడి తలుపు తీసి పెట్టుకుని స్నానం చేయబోతే పూజ పరుగెత్తి మూసింది.

పద్మావతికి ఆ పిల్లని చూస్తే అంతకు రెండింతల రోత. పైకి మాత్రం "బేటా, బేటా" అంటూ తలనిమిరేది. ఆ వెంటనే మేడెక్కి నా దగ్గరికి వచ్చేది.

"కాగితంతో తుడుచుకుంటాదక్కా! ఛీ! అదే చేత్తో నా ఫ్రిజ్ తీస్తాది," అనేది. లేదంటే, "సీసా మూతికి నోరు పెట్టి తాగి మళ్ళీ లోపల పెట్టేసింది. మావిడికాయ పచ్చడి చెంచా నాకి జాడీలో పెట్టేసింది. జాడీ జాడీ పారబోశాను," అని వాపోయేది.

అలా మొదలైంది యోహానాకి ఎంగిలి పాఠం. పద్మావతి వంటింట్లో నిలబెట్టి చేసి చూపించింది. గ్లాసు ఎత్తి పోసుకోవాలి, పెదవి తగలకూడదు. కొరికింది ఇంకొకరికి ఇవ్వకూడదు. నాలిక తగిలిన చెంచా గిన్నెలోకి పోకూడదు. ఆ పిల్ల బుద్ధిమంతురాలు. మెడ మీదంతా నీళ్ళు పోసుకుంటూనే నేర్చుకుంది. రుచి చూసేటప్పుడు అరచేతిలో వేసుకుని చూడడం కూడా పట్టుబడింది. "ఎంగిలి, ఎంగిలి" అని పూజని కూడా పట్టుకునేది.

ఎంగిలి తెలిశాక ఆ పిల్లకి గ్లాసు మీద అనుమానం వచ్చింది.

ఆ గ్లాసు సంగతి చెప్పాలంటే దుర్గ సంగతి చెప్పాలి. దుర్గ ఆ ఇంట్లో పనిచేస్తుంది. కొండవార బస్తీ నుంచి రోజూ పొద్దున్నే నడిచి వస్తుంది. పూజ పాకే రోజుల నుంచి ఆ ఇల్లు ఊడ్చింది, ఆ గిన్నెలు తోమింది, పద్మావతి ఆఫీసుకెళ్తే పిల్లకి అన్నం తినిపించింది. అడవి పనులకి ఒకప్పుడు రాంచీ వైపు నుంచి తెచ్చిన కూలీల సంతతి ఆమె. అలాంటి వాళ్ళందరినీ ఇక్కడ రాంచీ వాళ్ళనే అంటారు, ఏ ఊరివాళ్ళయినా సరే. దుర్గకి టీ ఇచ్చే స్టీలు గ్లాసు వంటింటి కిటికీ బయట, చువ్వల అవతల అరుగు మీద బోర్లించి ఉంటుంది. మిగతావాటిలో కలిసిపోకుండా అడుగున ఎర్ర గోళ్ళ రంగు చుక్క పెట్టింది పద్మావతి.

మా దీవుల్లో ఏ సభ జరిగినా, ఏ జెండా ఎగరేసినా ఒక మాట చెప్పకుండా దిగరు. ఇక్కడ కులం లేదు, ఇది చిన్న భారతదేశం, అందరం కలిసిపోయాం అని. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. సభలో చప్పట్లు కొట్టి ఇంటికొచ్చి కిటికీ అవతల పనివాళ్ళకి వేరే గ్లాసు పెట్టే వాళ్ళని ఎంతమందిని చూడలేదు నేను.

ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. దుర్గ పెరట్లో గిన్నెలు తోముతోంది. యోహానా తనకొచ్చిన హిందీలో, తెలుగులో కూడబలుక్కుని అడిగింది.

"అమ్మా, దుర్గ దీదీ గ్లాస్ బయట ఎందుకు? ఎంగిలా?"

పద్మావతి ఉల్లిపాయ కోస్తూ ఆగింది.

"కాదు బేటా, ఎంగిలేటి? కడిగినాక ఎంగిలి ఉంటాదా?"

"మన గ్లాసులు కూడా దీదీయే కడుగుతుంది కదా?"

ఆ ప్రశ్నకి జవాబు నాకూ కావాలి. గోడకి చేరబడి చూస్తున్నాను. పద్మావతి ఒకసారి నా వైపు చూసి నవ్వింది.

"అది రాంచీ వాళ్ళ కోసం మేం స్పెషల్‌గా పెట్టేది బేటా. వాళ్ళదే. ఇంకెవరూ ముట్టుకోరు."

"ఓ! స్పెషల్!" అంది యోహానా. ముఖం విప్పారింది. వాళ్ళ తాతయ్యకి కూడా ఇంట్లో ఒక ప్రత్యేకమైన కప్పు ఉందట, పండగనాడు కూడా ఇంకెవరికీ ఇవ్వరట.

అబద్ధం ఎవరైనా ఆడతారు, నేను రోజుకి పది ఆడతాను కౌంటర్లో. ఆ గ్లాసుని మర్యాదగా మార్చి పిల్ల నోట్లో పెట్టడం చూస్తే రోత పుట్టింది. కాఫీ తాగకుండానే మేడెక్కేశాను.

వానలు వెళ్ళేసరికి యోహానా ఆ ఇంట్లో కలిసిపోయింది. కుళాయి వచ్చే రోజు తెల్లారకముందే లేచి డ్రమ్ములు నింపేది. "అరే భయ్యా, ఇత్నా క్యోం?" అని ఆటోవాళ్ళతో పేచీ పెట్టుకునేది. చెప్పులు గుమ్మం బయట వదిలేది, చేప ముల్లు నాలిక మీదే వేరుచేసి తీసేది. అమావాస్య నాడు తలంటుకోనంది కూడా. సాయంత్రం టీ కాచడం తన పనిగా పెట్టుకుంది. దుర్గ ఎప్పుడైనా సాయంత్రం పనికి వస్తే కిటికీ అవతల నుంచి ఆ గ్లాసు తీసి, టీ పోసి, రెండు చేతులతో ఇచ్చేది.

"లీజియే దీదీ, మీ గ్లాస్."

దుర్గ తీసుకునేది. తాగి, కడిగి, మళ్ళీ అరుగు మీద బోర్లించేది. ఆమె ముఖంలో ఏముందో నేను చెప్పలేను. పిల్ల కళ్ళలో వెటకారం ఉందేమోనని ఒకసారి వెతికి, లేదని తేల్చుకున్నట్టుంది.

చివరి నెలలో ఇల్లు చూడటానికి సంస్థ ఆవిడ వస్తానన్న కబురు వచ్చింది. పద్మావతి కాళ్ళకి చక్రాలు కట్టుకుంది. ఎండుచేపల డబ్బా నా వాటాలోకి చేరింది. గోడలకి సున్నం పడింది. కొత్త పింగాణీ కప్పులు వచ్చాయి. "నువ్వు కూడా ఉండక్కా, పెద్దదానివి. కానీ నీ నోరు కాస్త..." అంది. అలాగేలే అన్నాను. ఇల్లంతా అద్దంలా తుడిచారు గానీ కిటికీ అవతల గ్లాసు తీసి దాచాలని ఒక్కరికీ తట్టలేదు. రోజూ కనబడేది కళ్ళకి ఆనదు.

ఆదివారం పూట ఆవిడ వచ్చింది. పేరు అనిమా టిర్కీ, నేత చీర, కళ్ళజోడు, మెత్తటి గొంతు. కాలేజీలో పాఠాలు చెబుతుందట. పద్మావతి ఎదురెళ్ళి కుర్చీ వేసింది. పూజని పిలిచి కూర్చోబెట్టింది. చదువులూ, ఇంటి సంగతులూ అన్నీ అడిగింది ఆవిడ. పూజ చక్కగా చెప్పింది. యోహానా మధ్యమధ్యలో తెలుగు మాటలు వేస్తుంటే ఆవిడ ముచ్చటపడి తనూ తెలుగులోకి దిగింది. పద్మావతి ముఖం వెలిగిపోయింది.

"మేడమ్‌కి తెలుగు ఎంత బాగా వచ్చు! ఎక్కడ నేర్చుకున్నారు?"

"ఇరుగుపొరుగంతా తెలుగువాళ్ళేనమ్మా. నేను ఇక్కడే ఫెరార్‌గంజ్‌లో పుట్టాను. మా నాన్న అడవిలో దుంగలు లాగే పనికి వచ్చాడు, రాంచీ నుంచి."

పద్మావతి నవ్వు పెదవుల మీద అలాగే ఉండిపోయింది. దించుకోవడం మర్చిపోయింది.

"రాంచీ!" అని ఎగిరి లేచింది యోహానా. "దుర్గ దీదీ లాగా! ఏక్ మినట్!"

పూజ చెయ్యి పట్టుకుని ఆపబోయింది. అందలేదు. లోపల పళ్ళెంలో కొత్త కప్పులు సిద్ధంగా ఉన్నాయి. యోహానా కిటికీ దగ్గరికి వెళ్ళడం నాకు కూర్చున్న చోటి నుంచి కనబడుతూనే ఉంది. నా నోరు కాస్త అని పద్మావతి ముందే చెప్పింది కదా. ఊరుకున్నాను.

మా అందరికీ కప్పులు వచ్చాయి. వచ్చినావిడకి మాత్రం ఆ స్టీలు గ్లాసు వచ్చింది. యోహానా రెండు చేతులతో పట్టుకుని కాస్త వంగి ఇచ్చింది.

"మేడమ్, మీకు స్పెషల్. మన ఇంట్లో రాంచీ వాళ్ళకి ఇదే ఇస్తారు. ఇంకెవరూ ముట్టుకోరు."

ఆవిడ గ్లాసు ఎత్తి అడుగున చుక్క చూసింది. రాంచీ వాళ్ళింట పుట్టినావిడకి ఆ చుక్క అర్థం కావడానికి ఎవరూ చెప్పక్కర్లేదు. టీ చివరిదాకా తాగింది. తొందర పడలేదు.

"ఎవరిదిది?" అంది.

"అయ్యో మేడమ్, బచ్చీ హై, తెలీక... నేను వేరేగా చెప్తే అది వేరేగా..." పద్మావతి మాట తడబడింది.

వంటింటి గుమ్మంలోంచి దుర్గ ఒక్క మాట చెప్పింది.

"మేరా హై మేడమ్. నాది."

ఆవిడ దుర్గని చూసి తలూపింది. తర్వాత పూజ వైపు తిరిగింది. కోపంగా లేదు. ఇంతసేపూ అడిగినట్టే మామూలుగా అడిగింది.

"పూజా, అక్కడికి వెళ్ళాక ఆ ఇంటివాళ్ళు నీకు ఇలా ఒక గ్లాసు వేరుగా పెట్టారనుకో. ఏం చేస్తావు?"

"మా అమ్మ ఊరుకోదు మేడమ్," అంది పూజ.

టక్కున అంది. గర్వంగా కూడా అంది. అన్నాక తన మాట తనకే వినపడి ముఖం నల్లబడింది. తల దించేసుకుంది. పద్మావతి ఏమీ ఎరగనట్టు కొంగు సర్దుకుంది.

ఆవిడ సంచిలోంచి కలం తీసింది. సంతకం పెట్టింది.

"పిల్లని ఇక్కడే ఉంచితే ఇదే నేర్చుకుంటుంది. వెళ్ళనివ్వండి," అని లేచింది. గ్లాసు తనే పట్టుకెళ్ళి దుర్గ చేతికిచ్చి, "చాయ్ బాగుంది" అని చెప్పి, గుమ్మం బయట చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు నేను పనికి బయల్దేరబోతుంటే పద్మావతి మిఠాయి డబ్బాతో పైకి వచ్చింది.

"సైన్ పెట్టేసిందక్కా! నేనెంత హడలిపోయానో! మంచి మనిషి, ఏటీ మనసులో పెట్టుకోలేదు," అంది. జిలేబీ నా చేతిలో పెట్టి, ఇంకో కబురు కూడా చెప్పింది. "దుర్గని మానిపించేశాను."

"ఎందుకు?"

"మరేటి చెయ్యమంటావు? అంతమంది ముందు నాదీ అని చెప్పాలా? నోరు మూసుకుంటే పోయేది కదా? ఇన్నేళ్ళు తిండి పెట్టిన ఇంటి పరువు తీసేసింది."

ఆ పొద్దునే గేటు దగ్గర జరిగింది నేను అప్పటికే మెట్ల మీద నుంచి చూశాను. దుర్గ ఎప్పటిలాగే వచ్చింది. గేటుకి గడియ వేసి ఉంది. పద్మావతి ఇవతల నుంచే చెప్పాల్సింది చెప్పింది. దుర్గ వాదులాడలేదు. "పూజా బేటీ కబ్ జాయేగీ?" అని మాత్రం అడిగింది. ఎప్పుడు వెళ్తుందో ఇంకా తెలీదంది పద్మావతి. ఆ పిల్ల వెళ్ళేలోపు ఒకసారి చూస్తానంది దుర్గ. పూజ లోపల అద్దం ముందు జడ వేసుకుంటోంది. మాటలు వినపడేంత దగ్గరే ఉంది. బయటికి రాలేదు.

జిలేబీ డబ్బాలో పడేశాను. నా నోటికి ఇక తాళం వెయ్యలేకపోయాను.

"నీకు సిగ్గు లేదా పద్మావతీ? వైజాగ్‌లో నీ పక్కన ఎవరూ కూర్చోలేదని ఈ మెట్ల మీద కూర్చుని ఎన్నిసార్లు ఏడవలేదు నువ్వు?"

ఆవిడ నోరు తెరిచి నన్ను చూసింది. కోపం వస్తుందనుకున్నాను. రాలేదు.

"అదీ ఇదీ ఒకటేనా అక్కా?" అంది.

నిజంగానే అడిగింది. ఎక్కడా పోలిక కనబడక అడిగింది. తిట్టినా పోట్లాడినా నాకు అంత అసహ్యం వేసేది కాదు. ఆ అయోమయం చూసి వేసింది. "పనిమనిషిని పెట్టుకోని నీకేటి తెలుస్తాది?" అని కూడా అని, డబ్బా పట్టుకుని దిగిపోయింది. వీధిలో మిగతా ఇళ్ళన్నీ జిలేబీ తిన్నాయి. ఏ ఇంట్లోనూ పద్మావతిని ఒక్క మాట అడిగినవాళ్ళు లేరు. పనివాళ్ళని నెత్తికెక్కించుకుంటే ఇంతే అన్నవాళ్ళు మాత్రం ఉన్నారు.

ఆ సాయంత్రం పెరట్లో పిల్లలిద్దరూ గిన్నెల ముందు కూర్చున్నారు. పూజ తోముతోంది, యోహానా కడిగి బుట్టలో వేస్తోంది. నేను పైన బట్టలు తీస్తున్నాను. నన్ను వాళ్ళు చూడలేదు.

"దుర్గ దీదీ ఎందుకు రాలేదు?" అని అడిగింది యోహానా. "నా వల్ల కోపం వచ్చిందా? నేను సారీ చెప్పాలా?"

పూజ చేతిలో పీచు ఆగింది. నేను కూడా బట్టలు తియ్యడం ఆపేశాను. నిన్న ఆ మేడమ్ ముందు ముఖం నల్లబడిన పిల్ల కదా, చెబుతుందనుకున్నాను. చెప్పేయవే తల్లీ అని లోపల ఒకటికి పదిసార్లు అనుకున్నాను. కానీ యోహానా ఇంకా ఇక్కడే ఉంటుంది, ఎవరితో ఏమంటుందో తెలీదని లెక్కేసుకుందేమో. పూజ మళ్ళీ తోమడం మొదలుపెట్టింది.

"నీ వల్ల కాదు. ఆ రాంచీ వాళ్ళంతే," అంది, అచ్చం వాళ్ళమ్మలాగే ముక్కు ముడిచి. "చెప్పాపెట్టకుండా మానేస్తారు."

చెప్పాపెట్టకుండా అన్న మాట యోహానాకి కొత్త. పెదవులు కదుపుతూ రెండుసార్లు పలికి చూసింది. మధ్యలో ఎక్కడో తప్పింది. పూజ ఓపిగ్గా మళ్ళీ చెప్పించింది.